అక్కను ఆదరించడానికి వెళ్లి ఏం మాట్లాడాలో తెలియక తిరిగొచ్చాను

గుండ్లకమ్మ ఒడ్డు
ఆదివారం, రాత్రి 9:20

అందరికీ వందనాలు. మాది ఒంగోలు దగ్గర చిన్న ఊరు. సంఘంలో ఓ నలభై కుటుంబాలుంటాం. నేను సండే స్కూలు పిల్లలకు చెబుతాను. నాలుగు రోజులుగా ఒక విషయం మనసులో నలుగుతోంది. పెద్దలు ఆలోచన చెబుతారని రాస్తున్నాను.

మా సంఘంలో ఒక అక్క ఉంది. దసరాకు ముందు ఆమె భర్త బండి మీద వస్తూ హైవే మీద ప్రమాదంలో చనిపోయాడు. ఇద్దరు పిల్లలు. పెద్దది ఎనిమిదో తరగతి. భూస్థాపన రోజు ఊరు ఊరంతా వచ్చింది. ఆదరణ కూడిక నాడు షామియానా చాల్లేదు. ఆ రోజు వచ్చినవాళ్లు ఆమెతో అన్న మాటలు పక్కనే కూర్చుని విన్నాను. "దేవుని చిత్తం అమ్మా." "ఆయనకు ఇష్టమైనవాళ్లనే ముందు పిలుచుకుంటాడు." "ఏడవకు, బయటివాళ్లు చూస్తున్నారు, మన సాక్ష్యం పోతుంది." ఒకావిడ ఇంకా దగ్గరికి జరిగి, "ఇంట్లో ఒప్పుకోని పాపం ఏదైనా ఉందేమో పరీక్షించుకో" అంది. అక్క ఏమీ అనలేదు. తల మీది కొంగు ఇంకాస్త ముందుకు లాక్కుంది.

ఇప్పటికి అయిదు నెలలు దాటింది. ఆ గడప తొక్కేవాళ్లు లేరు. ఆమె ఆరాధన మొదలయ్యాక వచ్చి గుమ్మం పక్కన ఆఖరి చాప మీద కూర్చుంటుంది. ఆశీర్వాదం చెప్పకముందే లేచి వెళ్లిపోతుంది. మొన్న గురువారం నేను ధైర్యం చేసి వెళ్లాను. వసారాలో మిరపకాయల కుప్ప ముందు కూర్చుని తొడిమలు తీస్తోంది. కిలోల లెక్కన కూలికట. నేను నిలబడే ఒక వాక్యం చెప్పాను, రాత్రంతా వెతికి పెట్టుకున్న వాక్యం. ఆమె తలెత్తకుండానే, "ఆ వాక్యం నాకూ వచ్చు చెల్లీ" అంది.

ఇంక నాకు నోరు పెగల్లేదు. రెండు నిమిషాలు నిలబడి వచ్చేశాను. ఆమెకు కోపం వచ్చిందని కాదు నా బాధ. ఆమెకు ఏ సాయమూ కాకుండా వచ్చేశానే అని. మళ్లీ వెళ్లాలనుంది. వెళ్లి ఏం మాట్లాడను?


కీబోర్డు తమ్ముడు
ఆదివారం, రాత్రి 9:41

మీ కోసం, ఆ అక్క కోసం ప్రార్థన చేస్తున్నాను అక్కా. ఇంతకన్నా చెప్పేంత వయసు నాకు లేదు. పెద్దలు రాస్తే చదవాలని ఉంది.


కువైట్ నర్సు
సోమవారం, తెల్లవారుజాము 2:15

చెల్లీ, నైట్ డ్యూటీలో ఉన్నా. టీ తాగే టైములో నీది చదివి కళ్లు తుడుచుకున్నా. మాది కడప జిల్లా, ఇక్కడికొచ్చి తొమ్మిదేళ్లయింది.

మా అమ్మ పోయినప్పుడు నాకు సెలవు దొరకలేదు. వీడియో కాల్‌లో చూశా చివరి చూపు. ఇక్కడ మాకు శుక్రవారం సెలవు కాబట్టి ఆరాధన కూడా శుక్రవారమే. ఆ శుక్రవారం అందరూ వచ్చి కౌగిలించుకుని ప్రార్థన చేసినారు. మంచివాళ్లే అందరూ. కానీ ఎవరేం ప్రార్థన చేసినారో ఒక్క ముక్క గుర్తులేదు నాకు. గుర్తున్నది ఇంకోటి. మా రూములో రాజంపేట వైపు అక్క ఒకామె ఉంటుంది. ఇళ్లలో పని చేస్తుంది, చదువు పెద్దగా లేదు. నేను డ్యూటీ నుంచి వచ్చేసరికి నా యూనిఫాం ఉతికి ఇస్త్రీ చేసి తలుపుకు తగిలించి ఉండేది. కుక్కర్లో అన్నం, పప్పు. నేను మంచం మీద గోడ వైపు తిరిగి పడుకుంటే ఆమె కింద చాప మీద కూర్చుని తన బట్టలేవో కుట్టుకునేది. ఒక్క మాట మాట్లాడేది కాదు. నిద్ర పట్టిందాకా లైటు ఆర్పేది కాదు. పదిరోజులు అట్లా చేసింది.

నలభై రోజులు పోయినాక ఒక పొద్దున నాతో అనింది: "ఈ పొద్దు మీ అమ్మకు ఇష్టమని చెప్పినావే, ఆ ఉగ్గాని చేసినా, తిను." అంతే. ఆ పొద్దు నేను మొదటిసారి నోరు తెరిచి ఏడ్చినా.

నీకు చెప్పేది ఒకటే. వాక్యం వెతుక్కుని పోవద్దు ఈసారి. ఆమె ముందర మిరపకాయల కుప్ప ఉంది గదా. పోయి కూర్చో. తొడిమలు తీయి.


పాత బైబిలు మాస్టారు
సోమవారం, ఉదయం 6:30

కువైట్ అమ్మాయి చెప్పిన దానికి నేను కలపగలిగింది కొంచెమే. కానీ ఒక మాట దగ్గర మన తెలుగు సంఘాలు ముప్పై ఏళ్లుగా తడబడటం చూస్తున్నాను. దాన్ని గురించి రాయాలి. నేను తెలుగు పండితుడిగా పనిచేసి రిటైరయ్యాను. మాది గుంటూరు, లూథరన్ సంఘం.

అపొస్తలుల కార్యములు నాలుగో అధ్యాయంలో కుప్ర (సైప్రస్) దీవిలో పుట్టిన యోసేపు అనే లేవీయుడు కనిపిస్తాడు. పొలం అమ్మి ఆ డబ్బు తెచ్చి అపొస్తలుల పాదాల దగ్గర పెట్టినవాడు. ఆయనకు వాళ్లు పెట్టిన పేరు బర్నబా. మన పాత తెలుగు బైబిల్లో ఆ పేరుకు ఇచ్చిన అర్థం "హెచ్చరిక పుత్రుడు." హెబ్రీయులకు రాసిన పత్రికలోనూ అంతే, సమాజంగా కూడటం మానకుండా "ఒకనినొకడు హెచ్చరించుచు" ఉండమని ఉంది. ఇవాళ్టి తెలుగువాడికి హెచ్చరిక అనగానే ఏం గుర్తొస్తుంది? కరెంటు స్తంభం మీద పుర్రె బొమ్మ. తుఫాను హెచ్చరిక. నోటీసు. దాంతో ఆ వాక్యాలు చదివిన మనవాళ్లు, తోటి విశ్వాసి ఇంటికి వెళ్లి తప్పులు ఎత్తిచూపి రావడమే హెచ్చరించడం అనుకున్నారు. మంచి మనసుతోనే అనుకున్నారు. ఆ అక్కతో పాపం పరీక్షించుకోమన్నావిడ కూడా తాను వాక్య ప్రకారమే చేశాననుకుని ఉంటుంది.

పాత తెలుగులో హెచ్చరికకు మెలకువ కలిగించడం, చురుకు పుట్టించడం అనే అర్థం ఉంది. దేవుణ్ణి పల్లకీలో తెచ్చేటప్పుడు పాడే పాటలను హెచ్చరికలు అనేవారు. అందులో బెదిరింపు లేదు. "స్వామి వస్తున్నాడు, మెలకువగా ఉండండి" అన్న ఉత్సాహం ఉంది. అనువాదకులు ఆ రోజుల మాట ఆ రోజుల అర్థంతో వాడారు. మాట అక్కడే ఉంది, అర్థం జరిగిపోయింది.

గ్రీకు మూలంలో ఉన్న మాట పరాక్లేసిస్. పక్కకు పిలవడం, పక్కన నిలవడం అన్న భావం నుంచి పుట్టింది. యోహాను సువార్తలో ప్రభువు పరిశుద్ధాత్మను "ఆదరణకర్త" అన్నాడే, ఆ మాటదీ ఇదే ధాతువు. అంటే బర్నబాకు దొరికిన పేరు ఎంత పెద్దదో చూడండి. ఆత్మ చేసే పనికి దగ్గరి పేరు ఒక మనిషికి పెట్టారు.

ఆయన చేసిన పనులు కూడా అలాంటివే. విశ్వాసులను హింసించిన సౌలు, అంటే తర్వాత పౌలుగా పేరొందినవాడు, మారాడంటే యెరూషలేములో ఎవరూ నమ్మలేదు, భయపడ్డారు. బర్నబా అతణ్ణి చేయి పట్టుకుని అపొస్తలుల దగ్గరికి తీసుకువెళ్లాడు. తర్వాత తార్సుకు వెళ్లి వెతికి మరీ అంతియొకయకు తెచ్చాడు. సువార్త ప్రయాణంలో వెంట వచ్చిన మార్కు దారి మధ్యలో వదిలేసి వెళ్లిపోయినందుకు పౌలు ఇక అతను వద్దన్నాడు. బర్నబా అతణ్ణి వెంటబెట్టుకుని ఓడ ఎక్కాడు. ఏళ్లు గడిచాక అదే పౌలు చెరలో నుంచి తిమోతికి రాస్తూ, మార్కును తీసుకురా, అతడు నాకు ప్రయోజనకరమైనవాడు అన్నాడు. బర్నబా చేసిన ప్రసంగాల కన్నా అతను వెతికి తెచ్చిన మనుషులే మనకు మిగిలారు.

టీచరమ్మా, మీరు వాక్యం చెప్పడం తప్పు కాదు. నిలబడి చెప్పారు, అంతే. ఈసారి కూర్చోండి.


సత్యమార్గం
సోమవారం, ఉదయం 10:05

మాస్టారూ, గౌరవంగానే ఒక మాట. ఈ మధ్య సంఘాల్లో అంతా ఆదరణే. ప్రతి ప్రసంగమూ "దేవుడు నిన్ను హెచ్చిస్తాడు" అనే. తప్పు చేస్తే తప్పు అనే పెద్దలు కరువయ్యారు. ఆ అక్క విషయంలో ఎవరో తొందరపడ్డారు, ఒప్పుకుంటాను, అలా అనకూడదు. కానీ దాన్ని పట్టుకుని బుద్ధి చెప్పడమే తప్పు అన్నట్టు మాట్లాడుకుంటే ఎలా? పౌలు థెస్సలొనీకయులకు రాసినదాంట్లో "బుద్ధి చెప్పుడి" అనే మొదట ఉంది. మెచ్చుకోలు మాటలు ముఖస్తుతి అయిపోతే సంఘం పాడవుతుంది.


పల్లె కాపరి
సోమవారం, మధ్యాహ్నం 3:30

బ్రదర్, మీరు ఎత్తిన వాక్యమే తీసుకుందాం. మొదటి థెస్సలొనీకయులకు 5:14. అక్రమంగా నడుచుకునేవాళ్లకు బుద్ధి చెప్పాలి. ధైర్యం చెడినవాళ్లను ధైర్యపరచాలి. బలహీనులకు ఊత ఇవ్వాలి. అందరి పట్ల దీర్ఘశాంతం చూపాలి. ముగ్గురు వేరు వేరు మనుషులు, మూడు వేరు వేరు మందులు. జ్వరం మందు విరిగిన కాలికి రాస్తే ఏమవుతుంది? మేము కాపరులం ఎక్కువగా చేసే పొరపాటు అదే. మనిషిని చూడకుండా మందు పోసేస్తాం.

నేను చేసిన పొరపాటు ఇక్కడ రాస్తాను. నన్ను అయ్యగారూ అని పిలిచే ఎవరికైనా ఇది ఉపయోగపడితే చాలు. మా మందిరంలో ఒక కుర్రాడు తబలా వాయించేవాడు. పదిహేడేళ్లు. ఇంటర్ రెండో సంవత్సరం తప్పాడు. ఆ ఆదివారం ప్రసంగంలో, పేరు చెప్పకుండా, "కొందరికి వాయించడం మీదున్న శ్రద్ధ చదువు మీద ఉండదు" అన్నాను. నలుగురు నవ్వారు. పేరు చెప్పకపోయినా అందరి కళ్లూ తబలా వైపే తిరిగాయి. ఆ కుర్రాడు ఆరాధన అయ్యేదాకా తలవంచుకుని వాయించాడు. ఒక్క తాళం తప్పలేదు. అయ్యాక తబలాకు గుడ్డ కప్పి, ముడి వేసి, మూలన పెట్టి వెళ్లిపోయాడు. మళ్లీ రాలేదు.

నాకు అర్థం కావడానికి మూడు వారాలు పట్టింది. ఇంటికి వెళ్లాను. వాళ్లమ్మ ముందే "తప్పు నాది నాయనా, నలుగురిలో నిన్ను చిన్నబుచ్చాను, క్షమించు" అన్నాను. "పర్లేదయ్యగారూ" అన్నాడు కానీ రాలేదు. సప్లిమెంటరీ పరీక్ష రోజు సెంటర్ దాకా నా బండి మీద దింపాను. బయట చెట్టు కింద కూర్చున్నాను, మూడు గంటలు. పాసయ్యాడు. అయినా రాలేదు. రెండేళ్ల తర్వాత ఒక క్రిస్మస్ క్యారల్స్‌కి, చీకట్లో, వెనకాల నిలబడి వాయించడం మొదలుపెట్టాడు. నేను వెనక్కి తిరిగి చూడలేదు. చూస్తే ఆగిపోతాడేమోనని భయం.

ఒక్క వాక్యం పలకడానికి నాకు పది సెకన్లు పట్టింది. దాన్ని సరిదిద్దుకోవడానికి రెండేళ్లు. ఆ అక్కకు తగిలినవి అలాంటి మాటలు నాలుగు.


కీబోర్డు తమ్ముడు
సోమవారం, మధ్యాహ్నం 3:52

అయ్యగారూ, చదువుతుంటే గొంతు పట్టేసింది. వందనాలు.


ఒంటరి దీపం
సోమవారం, రాత్రి 8:10

నేను ఇక్కడ ఎప్పుడూ రాయను, చదివి వెళ్తుంటాను. మా ఆయన పోయి ఆరేళ్లు. టీచరమ్మ గారూ, ఆ అక్క స్థానంలో నేనున్నాను కాబట్టి నాకు తెలిసింది చెబుతాను.

మొదటి నెల జనం ఎక్కువ. ఎవరొచ్చారో కూడా తెలియదు. అసలు కష్టం మూడో నెల నుంచి. అప్పుడు ఎవరూ రారు. వాళ్లకు మన మీద ప్రేమ లేక కాదు, ఏం మాట్లాడాలో తెలియక. మనం ఎదురైతే పక్క వీధిలోంచి వెళ్తారు. దాంతో మనకే ఏదో అంటు ఉన్నట్టు అనిపిస్తుంది. పెళ్లిళ్లకు పిలిచేటప్పుడు గొంతు తగ్గిస్తారు. కృతజ్ఞత కూడికలో ముందు వరసలో కూర్చోమని ఎవరూ అనరు.

ఇంకొకటి. ఆయన పేరు ఎవరూ పలకరు. నాకు బాధ కలుగుతుందని. కానీ ఆ పేరు వినకపోవడమే నాకు పెద్ద బాధ. ఒక రోజు చేపలమ్మే ఆవిడ గంప దించుతూ, "మీ ఆయన ఉంటే బేరమాడకుండా కొనేవాడమ్మా" అంది. నాకు ఆ రోజంతా హాయిగా ఉంది. ఆయనను గుర్తుపెట్టుకున్న మనిషి ఇంకొకరు ఉన్నారు కదా అని.

పని సాయం గురించి. మా స్త్రీల సమాజం సెక్రటరీ గారు ఒకావిడ నా దగ్గరికి వచ్చి, "ఏదైనా అవసరం ఉంటే చెప్పు" అనలేదు. అలా అంటే ఎవరం చెప్పం. "బుధవారం పది గంటలకు సచివాలయానికి వెళ్దాం, ఆధార్ కార్డులు, డెత్ సర్టిఫికెట్ తీసి పెట్టుకో" అంది. పింఛను కాగితాలు ఆవిడే పక్కన కూర్చుని రాయించింది. ఫ్యామిలీ మెంబర్ సర్టిఫికెట్ కోసం తహసీల్దారు ఆఫీసుకు నాలుగుసార్లు నాతో తిరిగింది. మీ అక్క భర్త ప్రమాదంలో పోయాడన్నారు కాబట్టి ఎఫ్‌ఐఆర్ కాపీ, పోస్టుమార్టం రిపోర్టు భద్రంగా ఉన్నాయో లేదో అడగండి. బ్యాంకు ఖాతాకు ప్రమాద బీమా ఏమైనా ఉందేమో పాస్‌బుక్ చూడండి. చాలామంది ఇళ్లల్లో అది ఉందని కూడా తెలియదు, గడువు దాటిపోతుంది. యాకోబు రాశాడు కదా, కడుపుకు ఏమీ ఇవ్వకుండా "చలి కాచుకొనుడి, తృప్తిపొందుడి" అంటే ఏం ప్రయోజనం అని.

పిల్లల సంగతి మర్చిపోవద్దు. మీరు సండే స్కూలు టీచరు. ఎనిమిదో తరగతి పిల్లకు నాన్న పోయాడు. అందరూ ఆ పిల్లతో "అమ్మను జాగ్రత్తగా చూసుకో" అంటారు. ఆ పిల్లను చూసుకునేది ఎవరు?


గుండ్లకమ్మ ఒడ్డు
సోమవారం, రాత్రి 9:30

అక్కా, మీ చివరి మాట చదివి ఫోను పక్కన పెట్టేశాను కాసేపు. నేను కూడా ఆ పిల్లతో అదే అన్నాను. రెండుసార్లు. మొన్న ఆదివారం వాక్యం అప్పజెప్పమంటే మధ్యలో ఆగిపోయింది. "మర్చిపోయావా, పర్లేదు" అని కూర్చోబెట్టాను. ఎందుకు ఆగిందో అడగలేదు.

మాస్టారూ, అయ్యగారూ, కువైట్ అక్కా, మీ అందరి మాటలూ నోటు పుస్తకంలో రాసుకున్నాను.


డోర్నకల్ మనవరాలు
మంగళవారం, ఉదయం 7:15

మా అమ్మమ్మది డోర్నకల్. అన్నం వండేటప్పుడల్లా ఎసట్లో పోసే బియ్యంలోంచి ఒక పిడికెడు తీసి వేరే డబ్బాలో వేసేది. ఆదివారం ఆ డబ్బా మందిరానికి వెళ్లేది. పండుగ నాడూ, పస్తు దగ్గరకొచ్చిన నాడూ అదే పిడికెడు. "మన ఇంట్లో పొయ్యి వెలిగితే ఇంకో ఇల్లు గుర్తు రావాలి" అనేది. ఆ బియ్యం ఎవరింటికి వెళ్లేదో మాకు ఎప్పుడూ చెప్పలేదు.

అదే డోర్నకల్‌కు 1912లో బిషప్ అయిన అజరయ్య గారి గురించి చాలామందికి తెలుసు. ఆంగ్లికన్ సంఘాల్లో తొలి భారతీయ బిషప్. అంతకు రెండేళ్ల ముందు, 1910లో, ఎడిన్‌బరోలో జరిగిన మిషనరీ మహాసభలో ఆయన లేచి మాట్లాడారు. మీరు మా పేదల కోసం మీ ఆస్తులిచ్చారు, మీ శరీరాలనూ ఇచ్చారు, అందుకు మేం కృతజ్ఞులం, మేం ప్రేమ కూడా అడుగుతున్నాం, మాకు స్నేహితులను ఇవ్వండి, అన్నది ఆ మాటల సారం. ఆ హాల్లో చాలామందికి అది నచ్చలేదు. కానీ ఆయన అడిగింది ఏమిటి? డబ్బిస్తున్నారు, బోధిస్తున్నారు, ఒక్కసారి మా పక్కన కూర్చుని తినండి అని. టీచరమ్మ గారి అక్క మనసులోనూ ఆ మాటే ఉందేమో అనిపించింది. ఆదరణ కూడికకు వచ్చిన వందమందిలో స్నేహితురాలు ఎవరు?


ప్రార్థన కొండ
మంగళవారం, ఉదయం 11:40

మాది ఒంగోలే. టీచరమ్మకు పొరుగువాళ్లం. మన నేల మీదే జరిగిన సంగతి ఒకటి చెబుతాను.

1876 నుంచి 1878 దాకా పెద్ద కరువు. అప్పుడు ఒంగోలులో క్లౌ దొర ఉన్నారు, అమెరికన్ బాప్టిస్టు మిషనరీ. ఆకలితో చచ్చిపోతున్న జనానికి పని చూపించాలని బకింగ్‌హాం కాలువ తవ్వకంలో మూడున్నర మైళ్ల కాంట్రాక్టు తీసుకున్నారు. పని మీద పెద్దలుగా పెట్టింది సంఘంలోని బోధకులనే. మట్టి మోసి మోసి కూలబడ్డవాళ్ల పక్కన ఆ బోధకులు కూర్చునేవారు. వాళ్ల ఊరేది, ఇంట్లో ఎవరు పోయారు, ఎవరు మిగిలారు, అన్నీ వినేవారు. "ప్రయాసపడి భారము మోసికొనుచున్న" వాళ్లను రమ్మన్న ప్రభువు మాట ఆ గట్టు మీద చెప్పారు. గంప నెత్తిన పెట్టుకున్న మనిషికి ఆ మాట ఎలా వినపడి ఉంటుందో చూడండి.

నాకు ఎక్కువ నచ్చేది ఆ తర్వాతి విషయం. కరువు సాయం నడిచిన సుమారు 15 నెలలు ఆయన బాప్తిస్మాలు ఇవ్వలేదు. అన్నం కోసం మతం అన్న మాట రాకూడదని. పనులు అయిపోయి, ఇచ్చే కూలి లేనప్పుడు కూడా జనం వచ్చారు. 1878 జూలై 3న వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మలో 2,222 మందికి బాప్తిస్మం జరిగింది. ఆ సంఖ్య మనం సభల్లో గొప్పగా చెప్పుకుంటాం. దాని వెనకున్న కాలువ గట్టు మాత్రం చెప్పుకోం.

అక్క ముందున్న మిరపకాయల కుప్ప దగ్గర కూర్చోమని కువైట్ సిస్టర్ అంటే నాకు ఆ గట్టే గుర్తొచ్చింది.


మాదాపూర్ బ్రదర్
మంగళవారం, రాత్రి 10:50

నేను సాఫ్ట్‌వేర్. మా చర్చి వాట్సాప్ గ్రూపులో పొద్దున్నే ముప్పై వాగ్దానాలు వస్తాయి, పూల బొమ్మలతో. అందరం చేతులు జోడించిన బొమ్మ పెడతాం. పోయినేడు నా ఉద్యోగం పోయినప్పుడు అవి రోజూ వచ్చాయి. ఒక్కటీ తెరవలేదు. అదే గ్రూపులో పెద్దగా మాట్లాడని ఒక అంకుల్ నాకు విడిగా మెసేజ్ పెట్టారు. "బుధవారం నీ ఇంటర్వ్యూ అన్నావు కదా, పదకొండింటికి నీ పేరు పెట్టి ప్రార్థన చేశాను. ఎలా జరిగింది?" ఆ ఇంటర్వ్యూ పోయింది. అదే చెప్పాను. "సరే, సాయంత్రం టీకి రా" అన్నారు. ఆ టీ కొట్టు దగ్గర ఉద్యోగం గురించి ఒక్క మాటా మాట్లాడలేదు, తన ఊళ్లో చెరువు గురించి చెప్పారు. ఇంటికి నడిచి వెళ్తూ చాలా రోజుల తర్వాత ఆకలేసింది నాకు.

ఫార్వర్డులు వద్దనడం లేదు. ఒక మనిషి పేరు, ఒక రోజు, ఒక ప్రశ్న. అది చాలనిపించింది.


సత్యమార్గం
బుధవారం, ఉదయం 6:00

అన్నీ చదివాను. అయ్యగారి తబలా సంగతి రెండుసార్లు చదివాను.

నేను మొదట రాసినదాన్ని పూర్తిగా వెనక్కి తీసుకోను, ఎందుకంటే నన్ను బాగుచేసింది ఒకరి కోపమే. పన్నెండేళ్ల కిందట నాకు తాగుడు ఉండేది. సంఘంలో అందరికీ తెలుసు, ఎవరూ అనేవారు కాదు. ఒక పెద్దాయన, మేస్త్రీ పని చేసేవారు, నడివీధిలో కాకుండా మా ఇంటి వెనక బావి దగ్గరికి తీసుకెళ్లి గట్టిగా కేకలేశారు. "నీ భార్య చేతి గాజులు ఏవిరా?" అని అడిగారు. ఆ మాట ఇవాళ్టికీ చెవిలో ఉంది. ఆ రోజు నుంచే మానేశాను.

కానీ నిన్న రాత్రి ఆలోచిస్తే ఇంకోటి గుర్తొచ్చింది. ఆయన ఆ మాట అనే ముందు దాదాపు రెండు నెలలు రోజూ సాయంత్రం మా ఇంటికి వచ్చేవారు. ఏదో ఒక పని మీద. మా గోడ పెచ్చులూడితే డబ్బు తీసుకోకుండా పూత వేశారు. మాతోపాటే అన్నం తినేవారు. ఆయన కోపం నాకు అవమానంగా ఎందుకు అనిపించలేదో ఇప్పుడు అర్థమైంది. అక్కతో ఆ మాట అన్నావిడ అంతకుముందు ఆమె ఇంట్లో ఎప్పుడైనా మంచినీళ్లు తాగిందా అని అడగాలనుంది.


పాత బైబిలు మాస్టారు
బుధవారం, ఉదయం 6:45

బ్రదర్, మీరు రాసింది నాకు ఎంతో ఆదరణ. ఆ మేస్త్రీ గారు మిమ్మల్ని హెచ్చరించారు, పాత అర్థంలో.

పిల్లల్నీ ఆస్తినీ పోగొట్టుకున్న యోబు దగ్గరికి వచ్చిన స్నేహితులనూ తలచుకుందాం. వాళ్లను మనం తిట్టుకుంటాం కానీ మొదట వాళ్లు చేసింది గొప్ప పని. యోబు బాధ ఎంతటిదో చూసి, ఒక్క మాటైనా పలకకుండా, ఏడు రోజులు రేయింబవళ్లు అతనితోపాటు నేల మీద కూర్చున్నారు. నోరు తెరిచాకే చెడింది. చివరికి యోబు వాళ్లను మీరు ఆదరణకర్తలు కారు అనాల్సి వచ్చింది. ఏలీయా ప్రవక్త చచ్చిపోతానని చెట్టు కింద పడుకున్నప్పుడు దేవదూత ప్రసంగం చేయలేదు. "నీవు లేచి భోజనము చేయుము" అన్నాడు. తిని మళ్లీ పడుకుంటే పడుకోనిచ్చాడు. రెండోసారి లేపి మళ్లీ పెట్టాడు. దేవుని మెల్లని స్వరం వినపడింది ఆ తర్వాత, చాలా దూరం నడిచాక.


కువైట్ నర్సు
బుధవారం, రాత్రి 11:30

చెల్లీ, పోయేటప్పుడు ఒకటి మర్చిపోవద్దు. చేతులకు ముందే కొబ్బరి నూనె రాసుకుని పో. మిరపకాయ మంట తెలియదు నీకు, రాత్రికి తెలుస్తుంది.


గుండ్లకమ్మ ఒడ్డు
మూడు వారాల తర్వాత, మట్టల ఆదివారం, రాత్రి 8:40

వందనాలు. ఏమైందో చెప్పమని కొందరు అడిగారు. చెప్పడానికి పెద్ద సంగతులేమీ లేవు, ఉన్నది ఉన్నట్టు రాస్తాను.

మొదటి శనివారం వెళ్లి, "అక్కా, జరుగు" అని కుప్పకు అటు పక్కన కూర్చున్నాను. ఆమె నన్ను చూసింది. చాట ఒకటి నా వైపు తోసింది. రెండు గంటలు ఇద్దరం మాట్లాడుకోలేదు. తొడిమ ఎలా విరవాలో నాకు సరిగ్గా రావడం లేదని చూసి, ఒక కాయ తీసుకుని బొటనవేలితో చిన్నగా నొక్కి చూపించింది. తాలు కాయలు వేరే పెట్టమంది. అంతే మాటలు. వచ్చేటప్పుడు "నీళ్లు తాగి వెళ్లు" అంది.

మంగళవారం మళ్లీ వెళ్లాను. ఆ రోజు నేనే అడిగాను, ఒంటరి దీపం అక్క చెప్పింది గుర్తుపెట్టుకుని, బావ పేరు పలికి. "క్యారల్స్‌కి మైకు సెట్టు మోసేది బావే కదక్కా, ముందటేడు వైరు తెగితే పళ్లతో కొరికి కలిపాడు." అక్క చేతిలో కాయ అలాగే ఉండిపోయింది. తర్వాత నవ్వింది. నవ్వుతూనే కళ్లు తుడుచుకోబోయి ఆగింది, చేతికి కారం కదా. నా కొంగుతో నేను తుడిచాను. ఆ తర్వాత గంటసేపు బావ గురించి చెప్పింది. వాళ్ల పెళ్లి చూపులు, బండి కొన్న రోజు, చనిపోయిన పొద్దున గొడవపడి టిఫిను తినకుండా వెళ్లాడన్న మాట. ఆ చివరిది ఇన్ని నెలల్లో ఎవరికీ చెప్పలేదట. నేనేం జవాబు చెప్పలేదు. ఆమె పక్కకు జరిగి కూర్చున్నాను.

సచివాలయానికి వెళ్లాం. పింఛను అర్జీ పెట్టాం, ఇంకా మంజూరు కాలేదు. ఎఫ్‌ఐఆర్ కాపీ ఉంది, పోస్టుమార్టం రిపోర్టు కోసం మా ఆయన తిరుగుతున్నాడు. పాస్‌బుక్‌లో బీమాకు డబ్బు కట్ అయినట్టు ఒక ఎంట్రీ కనిపించింది, బ్యాంకులో అడగాలి.

పాపను ఆరాధన తర్వాత నాతో ఉంచుకుంటున్నాను, చాపలు మడిచే వంకతో. ఆ రోజు ఎందుకు ఆగావని అడిగాను. వాళ్ల నాన్న రోజూ రాత్రి ఆ వాక్యం అప్పజెప్పించుకునేవాడట.

ఇవాళ మట్టల ఆదివారం. ఊరేగింపులో అక్క కొబ్బరి మట్ట పట్టుకుని చివర నడిచింది. మందిరంలో మళ్లీ గుమ్మం పక్కనే కూర్చుంది. ఆశీర్వాదానికి ముందే లేచింది కూడా. కానీ వెళ్లిపోలేదు, బయట వేపచెట్టు కింద నా కోసం నిలబడింది. ఈసారి కాయలు బాగా ఎండాయట, ఘాటు ఎక్కువగా ఉంటుంది, ముఖానికి గుడ్డ కట్టుకుని రమ్మంది. కొబ్బరి నూనె నేను తేనక్కర్లేదట, తనే సీసా తెచ్చి పెట్టుకుందట.